ప్రక్కబల్లపై నేర్చిన విద్య

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



గ్రంథాలయ రజతోత్సవమున ఆటను గూర్చిన ప్రసంగమేమని కొందరికి సందేహము కలుగవచ్చును. అందునను అది మన యూళ్లలో ఎవరును ఆడని ఆట. సముద్రముల కావల అమెరికా దేశమున ఆడెడి ఫుట్‌బాల్. అయినను ఇచట ఆట ఒక నెపము మాత్రమే. పదునెనిమిదేండ్ల బిడ్డ యొకడు దేశమంతయు చూచుచుండగా గెలిచినాడు, ఓడినాడు, ఉన్న స్థానమును కోల్పోయినాడు. ఆ స్థానమున మరియొకడు నిలిచియుండగా దాని ప్రక్కనే కూర్చుండి ఏడాదిపాటు నేర్చుకొన్నాడు. ఇదియే ఈనాటి ప్రసంగవిషయము. పరీక్ష తప్పిన బిడ్డ, ఉద్యోగమునకు పోయి వట్టిచేతులతో మరలివచ్చిన బిడ్డ, తనకంటె వెనుక వచ్చినవాడు తన్ను దాటిపోవుట చూచిన బిడ్డ ఏ యింటనైనను ఉందురు. కావున ఇది మనకు దూరపు కథ కాదు.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచునది మన పాఠశాలలలో కాలితో తన్ని ఆడెడి బంతియాట కాదు. దానిని వారు సాకర్ అందురు. వారి ఫుట్‌బాల్ బంతి గుండ్రనిది కాదు. రెండు కొనలును మొనదేలి కోలగా నుండు తోలుబంతి. దానిని ఎక్కువగా చేతులతోనే పట్టుకొని పరుగెత్తుదురు, చేతులతోనే విసరుదురు. జట్టుకు 11 మంది. మైదానము పొడవు 100 గజములు. దానికి రెండు కొనలయందును పదేసి గజముల గమ్యస్థలము. బంతి గల జట్టు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. బంతితో గమ్యస్థలమును చేరుటకు టచ్‌డౌన్ అని పేరు; దానికి ఆరు పాయింట్లు. ఎదుటివారి నేలను పట్టుదలతో గెలుచుకొనుటలో ఇది మన చెడుగుడును కొంత పోలియుండును. అయితే చెడుగుడులో కూతకు పోయినవాడు ఒంటరివాడు. ఇచట బంతి గలవానికి తక్కిన పదుగురును కాపు కాయుదురు.

ఆ పదకొండుగురిలో క్వార్టర్‌బాక్ అనువాడు రథమునకు సారథి వంటివాడు. దాదాపు ప్రతి ప్రయత్నమునను బంతి మొదట వాని చేతికే వచ్చును. దానిని తోడివానికి అందించుటయో, తానే పట్టుకొని పరుగెత్తుటయో, దూరముగా పరుగెత్తుచున్న వానికి విసరుటయో వాడు నిర్ణయింపవలెను. బంతిని ముందునకు విసరుట పూర్వము నిషిద్ధము. 1906వ సంవత్సరమున ఆ నిషేధము తొలగినది. అప్పటినుండి సారథి పని బలముతో పాటు బుద్ధితో కూడినదైనది. ఎదుటి పదకొండుగురు ఎచ్చట నిలిచిరి, ఎవడు మోసగించుటకు కదలుచున్నాడు, తనవారిలో ఎవడు విడిపడి యున్నాడు అను సంగతులు రెండు మూడు సెకండ్లలో గ్రహింపవలెను. ఇంతలో నూరు కిలోలు దాటిన మల్లులు వానిని పడద్రోయుటకు వచ్చుచుందురు. గెలిచినచో పేరు వానిదే. ఓడినచో నింద వానిదే.

అమెరికాలో ఈ యాటకు విశ్వవిద్యాలయములు పుట్టినిండ్లు. అలబామా రాష్ట్రమున టస్కలూసా పట్టణమందలి విశ్వవిద్యాలయ క్రీడాప్రాంగణమున లక్షమందికి పైగా కూర్చుండి చూతురు. కోట్లమంది టెలివిజనులో చూతురు. అంతమంది యెదుట ఆడువారు పదునెనిమిది మొదలు ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల విద్యార్థులు. వారు తమ పేరును, రూపమును ప్రకటనలకిచ్చి ధనము గడించుటకు 2021 జూలై నుండి మాత్రమే అనుమతి కలిగినది. ఈ కథ జరిగిన నాటికి వారికి లభించినది విద్యార్థివేతనమే. చదువు బరువును విద్యార్థిదే, లోకము కనులును విద్యార్థిమీదనే.

ఈ కథకు నాయకుడు జేలెన్ హర్ట్స్. 1998 ఆగస్టు 7న టెక్సాస్ రాష్ట్రమున హ్యూస్టన్ నగరమున జన్మించినాడు. ఆ నగరము చెంతనున్న ఛానెల్‌వ్యూ ఉన్నత పాఠశాలలో తండ్రియే ఫుట్‌బాల్ శిక్షకుడు; అన్నయు క్వార్టర్‌బాకే. ఇంటనే విద్య, ఇంటనే గురువు. పాఠశాల చదువు ఆరు నెలలు ముందుగనే ముగించుకొని, 2016 జనవరిలో అలబామా విశ్వవిద్యాలయమున చేరెను. అచట శిక్షకుడు నిక్ సేబన్. ఆయన 2007 మొదలు 2023 వరకు ఆ జట్టును నడపి ఆరు మారులు జాతీయ విజేతగా నిలిపినవాడు. క్రమశిక్షణయందు కఠినుడని పేరుపడినవాడు.

2016 సెప్టెంబరు 3న ఆ యేటి మొదటి ఆట. మొదట సారథ్యము మరియొకనిది. నడుమ హర్ట్స్‌ను పంపిరి. తన మొదటి ప్రయత్నముననే అతడు బంతిని చేజార్చెను. పదునెనిమిదేండ్లవానికి ఇంతకంటె చెడ్డ ప్రారంభముండునా? అయినను శిక్షకుడు వెనుకకు పిలువలేదు, కుర్రవాడును బెదరలేదు. ఆట ముగియునప్పటికి రెండు టచ్‌డౌన్లు విసరియు, రెండు పరుగెత్తియు సాధించెను. అలబామా 52–6తో గెలిచినది. తరువాతి ఆటనుండి స్థానము హర్ట్స్‌దే. కళాశాలలో అడుగుపెట్టిన యేడే అలబామా జట్టుకు తొలినుండి సారథ్యము వహించిన విద్యార్థి అంతకుముందు 32 ఏండ్లలో మరియొకడు లేడు.

ఆ సంవత్సరము జట్టు వరుసగా 14 ఆటలు గెలిచి జాతీయ విజేతను నిర్ణయించు తుదియాటకు చేరినది. 2017 జనవరి 9న ఫ్లోరిడా రాష్ట్రమున టాంపా నగరమున క్లెమ్సన్ జట్టుతో పోటీ. రెండు నిమిషములకు మించి కొన్ని సెకండ్లు మాత్రమే మిగిలియుండగా హర్ట్స్ తానే బంతి పట్టి 30 గజములు పరుగెత్తి టచ్‌డౌన్ సాధించెను. అలబామా 31, క్లెమ్సన్ 28. దేశమంతయు ఆ బాలుని మెచ్చుకొనుచుండగనే క్లెమ్సన్ సారథి డెషాన్ వాట్సన్ తన జట్టును మైదానము పొడుగునను నడపి, ఒక్క సెకండు మిగిలియుండగా హంటర్ రెన్‌ఫ్రో చేతికి బంతి విసరెను. 35–31తో క్లెమ్సన్ గెలిచినది. గెలుపు నోటికందినట్లే అంది జారిపోయినది.

ఈ ఓటమిలో ఒక రహస్యమున్నది. ఆనాడు హర్ట్స్ 31 మారులు బంతి విసరగా 13 మారులు మాత్రమే తనవారికి చేరినది. కాళ్లలో వేగమున్నది, దేహమున బలమున్నది, గుండెయందు దిటవున్నది. కాని నిలిచి, చూచి, విసరెడి విద్య ఇంకను పక్వము కాలేదు. గెలుపులు వరుసగా వచ్చుచుండుటచే ఆ కొరత మరుగున నుండెను. గెలుపు చేయు అపకారములలో ఇది పెద్దది. ఓటమి కొరతను చూపును. గెలుపు దానిని దాచును.

మరియొక చిక్కును గలదు. దాడివ్యూహములు నేర్పెడి ఉపశిక్షకుడు లేన్ కిఫిన్ ఆ తుదియాటకు వారము దినముల ముందు వెడలిపోయెను. ఆ యొక్క ఆటకు స్టీవ్ సార్కీసియన్ ఆ బాధ్యత వహించెను. 2017లో బ్రయన్ డాబోల్, 2018లో మైక్ లాక్స్‌లీ వచ్చిరి. 2019లో హర్ట్స్ ఓక్లహోమాకు పోగా అచట గురువు లింకన్ రైలీ. నాలుగేండ్లలో ఐదుగురు! ప్రతివాడును తన పరిభాష, తన సంజ్ఞలు, తన పద్ధతి నేర్పును. ఏటేట ఉపాధ్యాయుడు మారెడి బడిలో చదివిన పిల్లవాని కష్టము ఈ సభలోని తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ యేడు హర్ట్స్ ఆటలో ఒక మార్పు వచ్చినది. మొదటి యేడు అతడు విసరిన బంతులను ఎదుటివారు 9 మారులు నడుమ అందుకొనిరి. రెండవ యేడు ఒక్కమారు మాత్రమే అందుకొనిరి. చూచుటకు ఇది గొప్ప వృద్ధియే. కాని సందేహము కలిగినపుడెల్ల విసరుట మాని పరుగెత్తుట అలవాటైనది. తప్పు చేయరాదను జాగ్రత్త క్రమముగా చేయవలసినది చేయలేని సంకోచమైనది. తప్పులు తగ్గుట వేరు, విద్య పెరుగుట వేరు. పలకమీద తుడుపు లేకుండ వ్రాయువాడు తెలిసిన అక్షరములే వ్రాయుచున్నాడేమో చూడవలెను గదా! ఆ యేడు నవంబరు 25న ఆబర్న్ జట్టుచేతిలో 26–14తో ఓడినను, అలబామా మరల తుదియాటకు చేరినది.

2018 జనవరి 8. అట్లాంటా నగరము. ఎదుట జార్జియా జట్టు. సగము ఆట ముగియునప్పటికి జార్జియాకు 13, అలబామాకు సున్న. హర్ట్స్ ఎనిమిది మారులు విసరగా మూడు మాత్రమే చేరినవి. వాటివలన లభించినది 21 గజములు. విరామ సమయమున సేబన్ ఒక నిర్ణయము చేసెను. రెండేండ్లుగా జట్టును నడపిన సారథిని ప్రక్కన కూర్చుండబెట్టి, ఆ యేడే చేరిన టువా టాగోవైలోవా అను హవాయి ద్వీపముల యువకుని పంపెను. టువా ఎడమచేతివాటము కలవాడు. విసరుటయందు పుట్టుకతోనే నేర్పరియా అన్నట్లుండెను. స్కోరు సమమై ఆట అదనపు వేళకు పోయెను. అందు జార్జియా మూడు పాయింట్లు సంపాదించినది. అలబామా వంతు వచ్చినపుడు మొదటి ప్రయత్నముననే టువాను 16 గజములు వెనుకకు పడద్రోసిరి. మరుసటి ప్రయత్నమున అతడు విసరిన బంతి 41 గజములు పోయి డెవాంటా స్మిత్ చేతిలో, గమ్యస్థలమున వ్రాలెను. అలబామా 26, జార్జియా 23. జట్టు గెలిచినది, జట్టు సారథి మాత్రము స్థానము కోల్పోయినాడు.

అప్పటికి హర్ట్స్‌కు పందొమ్మిదేండ్లు. తుదియాటతో కలిపి అతడు మొదటినుండి దిగిన ఆటలు 28. అందు జట్టు గెలిచినవి 26. ఇట్టివానిని అంతమంది యెదుట సగము ఆటలో దింపిరి. ఆ రాత్రి అతడు ముఖము ముడుచుకొని మూలన కూర్చుండలేదు. మైదానపు టంచున నిలిచి టువాను హుషారుపరచెను. గెలిచిన పిదప కౌగలించుకొనెను. ఆ దృశ్యము దేశమంతయు చూచినది.

భారతకథ ఎరిగినవారికి ఇచట రెండు ఘట్టములు స్ఫురింపక మానవు. భీష్ముడు తన్ను అర్ధరథుడని తక్కువచేసి లెక్కించినాడను కోపముతో కర్ణుడు, భీష్ముడు పడువరకు ఆయుధము పట్టనని పది దినములు యుద్ధమునకు దూరముగా నుండెను. తన పౌరుషము నిలిచినది గాని తనవారికి తన బలము దక్కలేదు. ఇక రెండవది శల్యసారథ్యము. ప్రక్కనే కూర్చుండి, పని చేయుచున్నట్లే చేయుచు, మాటలతో రథికుని గుండె తీసివేయుట. స్థానము పోయినవాడు ఈ రెంటిలో ఒకదానిని పట్టుట లోకసహజము. అయితే అలిగి దూరమగుట, కాదేని చేరువనుండి చెరచుట. ఈ పందొమ్మిదేండ్ల యువకుడు రెంటిని గూడ మానినాడు. అందువలననే అతని కథ చెప్పుకొనదగియున్నది.

కాని దీనిని వట్టి మంచితనపు కథగా చెప్పి ముగించిన అర్ధసత్యమే యగును. ఇందు చేదుగనున్న సత్యము మరియొకటి కలదు. శిక్షకుని నిర్ణయము సరియైనదే. టువా వచ్చినందుననే జట్టు గెలిచినది. అన్యాయము జరిగినచో దుఃఖమునకు కోపము తోడుండును. కోపము కొంత ఊరటయు నిచ్చును. న్యాయముగనే స్థానము పోయినప్పుడు ఆ ఊరటయు నుండదు. “నాలో కొరత యున్నది, దానిని ఇతరులు చూచినారు” అని తనకు తాను ఒప్పుకొనవలసి వచ్చును. ఎదిగెడి వయస్సు నొప్పులలో ఇది కడు తీవ్రమైనది. ఎముక పెరుగునపుడు కాలు లాగినట్లు మనస్సు పెరుగునపుడును లాగును.

అనంతరము వచ్చిన వసంతకాలము కష్టకాలము. వేరొక విశ్వవిద్యాలయమునకు పోయినచో సారథ్యము లభించును గాని, ఆనాటి నిబంధన ప్రకారము పట్టము పొందక మారిన విద్యార్థి ఒక యేడు ఆడక కూర్చుండవలెను. పట్టము పొందినవాడు మాత్రము వెంటనే ఆడవచ్చును. హర్ట్స్ పోవునా, ఉండునా యని పత్రికలన్నియు ఊహాగానములు సేయుచుండెను. శిక్షకులు, తోడివారు, అభిమానులు అందరును అతనిని గూర్చియే మాటలాడిరి. అయినను ఆ వసంతకాలమంతయు తన మనస్సెట్లున్నదని తన్నెవరును వచ్చి అడుగలేదని 2018 ఆగస్టులో హర్ట్స్ పత్రికలవారితో బహిరంగముగా చెప్పినాడు. అతడు కృతఘ్నుడై ఈ మాట చెప్పలేదు. చెప్పిన పిదప అలిగి వెడలిపోనూ లేదు. మౌనముగా పని చేయువానికి బాధ లేదని అనుకొనుట పెద్దల పొరపాటు. అందరును వానిని గూర్చి మాటలాడుదురు. వానితో మాటలాడువారు లేకపోవుట వింత.

సెప్టెంబరులో ఆటలు ప్రారంభము కాగా టువాయే సారథి. హర్ట్స్ రెండవవాడు. గెలుపు నిశ్చయమైన పిదప మిగిలిన కొలది నిమిషములు ఆడుటయే తరచుగా అతని వంతు. ఆ సంవత్సరమే విద్యార్థులకు అనుకూలమైన కొత్త నిబంధన యొకటి వచ్చినది. నాలుగు ఆటలకు మించి ఆడనివాడు ఆ యేటిని తన ఆట సంవత్సరములలో లెక్కింపక మిగుల్చుకొనవచ్చును. నాలుగు ఆటలైన పిదప హర్ట్స్ ఆగిపోవునేమోయని పలువురు తలచిరి. అతడు అయిదవ ఆటయు ఆడెను. ఒక యేడు పోయినను జట్టుతోనే నిలిచెను.

నిలిచి చేసిన పని ఏమి? విసరెడి విద్యను మొదటినుండి నేర్చుకొనుట. కాళ్లు కదలకుండ నిలుచుట, ఒకనిని చూచి వాడు విడిపడనిచో రెండవవానిని, పిదప మూడవవానిని చూచుట, పరుగెత్తవలెనను తొందరను అణచుకొనుట. ఫలితము లెక్కలలో కానవచ్చును. 2017లో అతడు విసరిన బంతులలో నూటికి 60 తనవారికి చేరినవి. 2018లో ఆడినది కొద్దియైనను నూటికి 72కు మించి చేరినవి. స్థానముండగా సాగని చదువు స్థానము పోయిన పిదప సాగినది. ప్రక్కబల్ల అతనికి పాఠశాల యైనది.

2018 డిసెంబరు 1. మరల అట్లాంటాలో అదే క్రీడాప్రాంగణము. ఎదుట మరల అదే జార్జియా జట్టు. ప్రాంతీయ విజేతను నిర్ణయించు ఆట. నాలుగవ భాగమున, ఇంక పదకొండు నిమిషములు మిగిలియుండగా టువా చీలమండ గాయపడినది. అప్పటికి జార్జియా 28, అలబామా 21. హర్ట్స్ ప్రక్కబల్లనుండి లేచి పోయెను. తొమ్మిది మారులు విసరెను, ఏడు చేరినవి. అందొకటి జెర్రీ జూడీ చేతికి టచ్‌డౌన్‌గా చేరగా స్కోరు సమమైనది. ఒక నిమిషమునకు పైగా కొద్ది సెకండ్లు మిగిలియుండగా తానే 15 గజములు పరుగెత్తి గమ్యస్థలము చేరెను. అలబామా 35, జార్జియా 28. కఠినుడని పేరుగన్న సేబన్ ఆట ముగియగనే హర్ట్స్‌ను గూర్చి మాటలాడుచు గద్గదస్వరుడయ్యెను.

పది మాసములకు పైగా పనిలేక యున్నవాడు పిలిచిన క్షణముననే సిద్ధముగా నుండుట యాదృచ్ఛికము కాదు. వాన వచ్చిన దినమున నాగలి చేయించుకొనువానికి అదను దొరకదు. హర్ట్స్ తన నాగలిని ఎండకాలముననే సరిచేసి యుంచుకొనెను.

కథ ఇచట ముగిసిన సినిమా కథ యగును. జరిగినది వేరు. టువా కోలుకొనగనే తరువాతి ఆటలో సారథ్యము మరల టువాదే. హర్ట్స్ మరల ప్రక్కబల్లనే. ఒక్క దినపు ఘనకార్యము చూచి స్థానము తిరిగి ఈయలేదు; అతడు గొడవపడనూ లేదు. ఆ డిసెంబరులోనే, చేరిన మూడేండ్లలోగా, పట్టము పుచ్చుకొనెను. పట్టము చేతికి వచ్చినందున ఏడాది కూర్చుండనక్కరలేక, 2019 ఆరంభమున ఓక్లహోమా విశ్వవిద్యాలయమునకు పోయెను.

కనుక వెడలిపోవుట తప్పని ఈ కథ బోధింపదు. ఉన్నచోట ఎదుగుటకు తావు లేనపుడు వేరొక చోటికి పోవుట మగతనమే. నేర్వవలసినది నేర్వక, కోపమును మూటగట్టుకొని పోవుటయే నష్టము. 2021 నుండి నిబంధనలు సడలి, ఇప్పుడు విద్యార్థులు ఏడాది కూర్చుండక యే విశ్వవిద్యాలయము మారుచున్నారు. ఏటేట పెక్కుమంది మారుచున్నారు. అందు కొందరికి మేలే కలుగుచున్నది. కాని తలుపు తెరచియున్నంతమాత్రమున ప్రతి కష్టమునకును బయటికి పరుగెత్తువాడు, తన కొరతను గూడ తనతోనే మోసికొనిపోవును. ఊరు మారినంతమాత్రమున కొరత మారదు.

ఓక్లహోమాలో హర్ట్స్ ఆ యొక్క యేడు 3,851 గజములు విసరెను. 1,298 గజములు పరుగెత్తెను. టచ్‌డౌన్లు విసరినవి 32, పరుగెత్తినవి 20. నూటికి దాదాపు 70 బంతులు తనవారికి చేరినవి. దేశమున మేటి కళాశాల ఆటగానికిచ్చు హైజ్మన్ బహుమానమునకు పోటీలో రెండవవాడుగా నిలిచెను. మొదటివాడు లూసియానా జట్టు సారథి జో బరో. డిసెంబరు 28న ఆ బరో జట్టుచేతిలోనే ఓక్లహోమా 63–28తో ఘోరముగా ఓడినది. కళాశాల ఆట అతనికి ఓటమితోనే ముగిసినది.

తరువాతి కథ కొద్దిలో. 2020లో ఫిలడెల్ఫియా వృత్తిజట్టు హర్ట్స్‌ను 53వ వానిగా ఎన్నుకొన్నది. 2023 ఫిబ్రవరిలో వృత్తిజట్ల తుదియాటయైన సూపర్ బౌల్‌లో తాను మూడు టచ్‌డౌన్లు పరుగెత్తినను, ఒకమారు బంతి చేజారి ఎదుటివారికి టచ్‌డౌన్ లభించినది. జట్టు 38–35తో ఓడినది. ఆ యేడే ఓక్లహోమాలో స్నాతకోత్తర పట్టము పుచ్చుకొనెను. 2025 ఫిబ్రవరి 9న అదే కాన్సస్ సిటీ జట్టును 40–22తో గెలిచి, ఆ యాటకు మేటి ఆటగాడుగా గౌరవము పొందెను. ఆనాడు అతడు విసరిన 46 గజముల టచ్‌డౌన్ బంతిని అందుకొన్నవాడు డెవాంటా స్మిత్. ఏడేండ్ల క్రిందట అట్లాంటాలో టువా బంతి నందుకొని, హర్ట్స్ స్థానము పోయిన రాత్రిని గెలుపురాత్రిగా చేసినవాడే. ఆనాడు అసూయపడి స్నేహము చెరచుకొన్నచో ఈనాడు ఆ చేతులు తనకు తోడుగా నుండెడివా?

విద్యార్థులు ఇందు గ్రహింపవలసినది స్వల్పమే గాని సులభము కాదు. స్థానము ఇతరులిచ్చునది, వారే తీసికొనగలరు. విద్య తాను సంపాదించుకొనునది. దానిని ఎవరును తీసికొనలేరు. స్థానము పోయిన దినమున రెండు ప్రశ్నలు వేసికొనవలెను. జరిగినది న్యాయమేనా? న్యాయమైనచో నాలోని కొరత ఏది? మొదటి ప్రశ్నతోనే ఆగిపోవువారు పెక్కుమంది. రెండవదానికి పోయినవాడు బాగుపడును.

పెద్దలు గ్రహింపవలసినది మరియొకటి. సేబన్ తన శిష్యుని దింపినాడు గాని జట్టునుండి పారద్రోలలేదు. తప్పు చూపుట వేరు, త్రోసివేయుట వేరు. పిల్లవాడు పరీక్ష తప్పినపుడు ఇంటిల్లిపాదియు, ఇరుగుపొరుగువారును వానిని గూర్చి మాటలాడుదురు. వాని యెదుట కూర్చుండి “నీ మనస్సెట్లున్నది నాయనా?” అని అడుగువాడు ఒక్కడుండిన చాలును. ఆ ప్రశ్న అడుగుటకు ధనము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు.

ఇక గ్రంథాలయమునకు దీనితో నేమి సంబంధమందురా? ఊరిలో స్థానము పోయినవానికి కూర్చుండుటకు చోటు కావలెను. అరుగులమీద కూర్చుండిన జాలిమాటలో, ఎత్తిపొడుపులో వినవలసివచ్చును. గ్రంథాలయపు బల్లపై కూర్చుండినవానిని ఎవరును ఏ తరగతిలో తప్పితివని అడుగరు. వాని చేతికి పుస్తకము నిచ్చెదరు. తన వంతు వచ్చువరకు సిద్ధపడుటకు తగిన ప్రక్కబల్ల ప్రతి గ్రామమునకును ఒకటి యుండవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు ఆ బల్లను సమకూర్చి నిలిపిన పెద్దలు ధన్యులు. రాబోవు ఇరువదియైదేండ్లలో అచట కూర్చుండబోవు బిడ్డలకు శుభమగుగాక.